స్కూబా పర్యాటకం: పగడాల దగ్గర లెక్క రాసేదెవరు?

సూరత్ సముద్రం అంచున ఉన్న నగరమే. అయినా ఇక్కడ స్కూబా డైవింగ్ లేదు. డూమస్ తీరంలోనో, సువాలీ తీరంలోనో కాసేపు నిలబడితే ఎందుకు లేదో ఎవరినీ అడగక్కర్లేదు. నీళ్లు పాలు తక్కువైన టీలా ఉంటాయి. మోకాలి లోతు దిగితే పాదాలు కనిపించవు. ముఖానికి అద్దం, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని లోపలికి పోయినా చూడటానికి ఏమీ ఉండదు. పైగా ఆటుపోట్ల వేగం మనిషిని ఎటు తీసుకుపోతుందో తెలియదు.

ఇది పూర్తిగా కాలుష్యం వల్ల వచ్చిన రంగు అనుకుంటే పొరపాటు. ఖంబత్ సింధుశాఖ ఆకారం గరాటు లాంటిది. అరేబియా సముద్రం వైపు వెడల్పుగా ఉండి, ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. వెడల్పు నుంచి ఇరుకులోకి తోసుకొచ్చే పోటు నీటికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. భావనగర్ దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా 10 మీటర్లు దాటుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. అంత నీరు రోజుకు రెండుసార్లు లోపలికి వచ్చి, రెండుసార్లు బయటికి పోతుంది. తపతి, నర్మద, మహి, సబర్మతి నదులు తెచ్చి పోసిన ఒండ్రును ఆ నీరు అడుగున కుదురుకోనివ్వదు. 2001లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఈ సింధుశాఖ అడుగున పురాతన నగరం లాంటి ఆకారాలు కనిపించాయని చెప్పినప్పుడు ఆ ఆకారాలను పట్టుకున్నది కెమెరా కాదు, సోనార్. అంటే కాంతి కాదు, శబ్దం. అడుగు నుంచి వస్తువులను పైకి తవ్వి తీశారు తప్ప, పురావస్తు శాస్త్రవేత్త తీరిగ్గా దిగి చూసింది లేదు. ఆ నగరం కథను చాలామంది పురావస్తు నిపుణులు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. చూపుకు ఈ నీళ్లు ఎంత మూసిన తలుపో చెప్పడానికి అదొక్కటి చాలు.

మరి స్కూబా గురించి సూరత్ నుంచి రాయడం ఎందుకు? డైవర్లు ఇక్కడ మునగకపోయినా ఇక్కడి నుంచే బయలుదేరుతున్నారు కాబట్టి. వజ్రాల సానపట్టు, బట్టల వ్యాపారంతో చేతిలో డబ్బు ఆడే నగరం ఇది. దీపావళి సెలవులు వస్తే సగం మార్కెట్ ఊళ్లో ఉండదు. డయ్యూ, ద్వారక, గోవా, కొంకణ్ తీరంలోని మాల్వన్, ఇంకా స్తోమత ఉంటే అండమాన్. లింబాయత్, ఉధనా వైపు మరమగ్గాల మీద బతుకుతున్న మన తెలంగాణ పద్మశాలీ కుటుంబాల్లోనూ రెండో తరం, మూడో తరం పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు, వ్యాపారాలు చేస్తున్నారు. వాళ్ల ఫోన్లలోనూ నీటి అడుగున బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టిన ఫొటోలు ఉన్నాయి. ఒకప్పుడు నౌకాదళం వారికీ, పరిశోధకులకూ, విదేశీ యాత్రికులకూ మాత్రమే అందుబాటులో ఉన్న పని ఇప్పుడు ఒక మోస్తరు పట్టుచీర ధర కంటే తక్కువకు దొరుకుతోంది. ఇది మంచి మార్పే. సముద్రం లోపలిది కొద్దిమంది సొత్తుగా ఉండాలని నేను అనుకోను. కానీ దిగేవాళ్లు వందల నుంచి లక్షలకు పెరుగుతున్నప్పుడు, ఆ బరువును మోసే అడుగుభాగం గురించి ఎవరో ఒకరు లెక్క రాయాలి. ఆ లెక్క మన పశ్చిమ తీరంలో ఎక్కడా పద్ధతిగా కనిపించడం లేదన్నదే నా అభ్యంతరం.

ఒక్క తాకుడు, వేల తాకుళ్లు

పగడం రాయిలా కనిపిస్తుంది గానీ అది జంతువుల కాలనీ. సున్నపు గూడు మీద పలచటి సజీవ పొర. ఆ పొర కణాల్లో సూక్ష్మ శైవలాలు కాపురం ఉంటాయి. అవి కాంతితో ఆహారం తయారు చేసి పగడానికి పెడతాయి. పగడం వాటికి ఇల్లు ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి వెలుతురు కావాలి, పొర మీద గాయం ఉండకూడదు. చేతి తొడుగు రాసుకున్నా, కాలి ఫిన్ తగిలినా ఆ పొర చిరుగుతుంది. కొమ్మల పగడమైతే పుటుక్కున విరుగుతుంది. గుండ్రాయి ఆకారంలో పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. అరచేయంత చోటు చెడితే మళ్లీ నిండటానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఆ ఖాళీలో నాచు పాతుకుపోవచ్చు, గాయం దగ్గర జబ్బు మొదలుకావచ్చు.

డైవరు కావాలని పగడాన్ని తన్నడు. తన్నేలా చేసేది భౌతికశాస్త్రం. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కంటే రెట్టింపు. అక్కడ జాకెట్టులోని గాలి సగానికి కుంచించుకుపోతుంది, తేలే గుణం తగ్గుతుంది, మనిషి కిందికి జారతాడు. కొత్తవాడు కంగారుపడి కాళ్లు ఆడిస్తాడు. నిటారుగా నిలబడి సైకిలు తొక్కినట్టు తొక్కుతాడు. ఫిన్ కింద ఏముందో అతనికి కనిపించదు. అనుభవమున్న డైవరు ఊపిరితిత్తులతోనే ఎత్తు సరిచేసుకుంటాడు. కాస్త ఎక్కువ పీలిస్తే పైకి, కాస్త వదిలితే కిందికి. నీటిలో పైకీ కిందికీ పోకుండా నిలబడే ఈ విద్య రావడానికి రోజులు పడుతుంది. ఒడ్డున పావుగంట చెబితే వచ్చేది కాదు.

ఈ తాకుళ్లను శాస్త్రవేత్తలు నిజంగానే డైవర్ల వెనక ఈది లెక్కపెట్టారు. ఈజిప్టులోని రాస్ మహమ్మద్ జాతీయ పార్కులో జరిగిన అధ్యయనం 1997లో వెలువడింది. ఏడు నిమిషాల పరిశీలనలో ఒక్కో డైవరు సగటున 1.4 సార్లు అడుగును తాకాడు. దిగేముందు పగడం అంటే ఏమిటో, ఎందుకు తాకకూడదో వివరంగా చెప్పి, నీటిలోనూ చూపించాక ఆ సంఖ్య 0.4కు పడిపోయింది. ఇది చదివి చాలామంది 'మాట చెబితే చాలు' అన్న నిర్ణయానికి వచ్చారు. అయితే కరీబియన్ ద్వీపం సెయింట్ లూసియాలో 353 మంది డైవర్లను గమనించి 2004లో ప్రచురించిన మరో అధ్యయనం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అక్కడ దాదాపు 74 శాతం మంది కనీసం ఒక్కసారైనా దిబ్బను తాకారు. స్థానిక సిబ్బంది ముందుగా చెప్పిన క్లుప్తమైన మాటల వల్ల తేడా ఏమీ రాలేదు. తేడా తెచ్చింది మరొకటి. తాకుతున్న డైవరును గైడు నీటిలోనే ఆపి, సైగ చేసి, సరిదిద్దినప్పుడు తాకుళ్లు స్పష్టంగా తగ్గాయి.

ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఈజిప్టులో చెప్పినది పాఠం, సెయింట్ లూసియాలో చెప్పినది ప్రకటన. విమానంలో సీటు బెల్టు గురించి చెప్పే మాటలు ఎంతమంది వింటారో మనకు తెలుసు. నాకు ఈ రెంటి నుంచీ అర్థమైంది ఒకటే. పగడం భద్రత పర్యాటకుడి మంచితనం మీద కాదు, గైడు చేతిలో ఉన్న అధికారం మీద ఆధారపడి ఉంది. ఆ గైడు ఎంతమందిని పట్టుకుని ఈదుతున్నాడు, తాకిన వినియోగదారుడిని ఆపితే అతని సంపాదనకు దెబ్బ తగులుతుందా అన్నవే అసలు ప్రశ్నలు.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక చోట రోజుకు వందమంది, ఏడాదికి రెండు వందల రోజులు, ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు మునుగుతారు. ఈజిప్టు అధ్యయనంలో పాఠానికి ముందున్న రేటు తీసుకుంటే మనిషికి నాలుగు తాకుళ్లు. రోజుకు నాలుగు వందలు, ఏడాదికి ఎనభై వేలు. పాఠం తర్వాతి రేటు తీసుకున్నా ఏడాదికి ఇరవై వేలు దాటుతాయి. అన్ని తాకుళ్లూ గాయాలు కావు. చాలావాటిలో తగిలేది ఇసుకే, రాయే. కానీ పర్యాటకులను ఎప్పుడూ ఒకే రెండు మూడు అందమైన రాళ్ల చుట్టూ తిప్పుతారు కాబట్టి, తాకుళ్లు సముద్రమంతా పరుచుకోవు. అక్కడే పోగుపడతాయి.

ఒక చోటు ఏడాదికి ఎన్ని డైవులను భరించగలదు? కరీబియన్‌లోని బొనెయిర్ సముద్ర పార్కును పరిశీలించినవారు 1993లో ఒక్కో చోటికి 4,000 నుంచి 6,000 అన్న అంచనా ఇచ్చారు. ఆ గీత దాటితే నష్టం వేగంగా పెరగడం కనిపించింది. ఇజ్రాయెల్‌లోని ఐలాత్ దగ్గర కొన్ని చోట్ల ఏడాదికి 30,000 డైవులు దాటాయని, పగడాల్లో గాయాలు విస్తారంగా ఉన్నాయని 2002లో నమోదైంది. పైన మనం వేసిన ఊహా లెక్క ఏడాదికి 20,000 డైవులు. బొనెయిర్ అంకెను తెచ్చి మన తీరానికి అతికించడం సరికాదు. అక్కడి నీళ్లు తేటవి, దిగేవాళ్లలో ఎక్కువమంది శిక్షణ పొందినవారు. అందువల్ల మన హద్దు అంతకంటే తక్కువే ఉండాలి తప్ప ఎక్కువ ఉండదు.

మాల్వన్ చెప్పిన సంగతి

సూరత్ నుంచి కొంకణ్ రైలెక్కితే సింధుదుర్గ్ జిల్లా చేరుకోవచ్చు. అక్కడి మాల్వన్ సముద్ర అభయారణ్యాన్ని 1987లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. శివాజీ కట్టించిన సింధుదుర్గ్ కోట చుట్టూ ఉన్న రాతి అడుగు మీద పగడాలు, చేపలు ఉన్నాయి. ఇప్పుడు దేశంలో అతి చవగ్గా సముద్రంలో మునిగి చూడగలిగే చోట్లలో అదొకటి. ఈత కూడా రానివారిని గైడు సిలిండరు పట్టుకుని కిందికి తీసుకుపోతాడు, ఫొటో తీస్తారు, పైకి తెస్తారు.

గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ అభయారణ్యంలో వినోద డైవింగ్ వల్ల పగడాలకు జరుగుతున్న నష్టం మీద 2020లో 'మెరైన్ పొల్యూషన్ బులెటిన్' పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. దాని శీర్షికలోనే తీర్పు ఉంది: జవాబుదారీతనం లేకపోవడం. ఉమ్మడి పచ్చిక బయలును తలా కొంచెం మేపి చివరకు బీడు చేసుకునే కథను 1968లో గారెట్ హార్డిన్ 'ఉమ్మడి ఆస్తుల విషాదం' అన్నాడు. మాల్వన్‌లో ఉన్నది నిజానికి ఉమ్మడి ఆస్తి కూడా కాదు, చట్టం కాపలా ఉన్న అభయారణ్యం. కాపలా ఉన్నచోటే ఆ కథ నడిచింది. మన తెలుగులో దీనికి ఇంకా మంచి మాట ఉంది: అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. పడవవాడు తాను దింపడమే చేశానంటాడు. గైడు పర్యాటకుడు తన మాట వినలేదంటాడు. పర్యాటకుడు ఎవరూ చెప్పలేదంటాడు. అటవీశాఖకు నీటి కింద నిలబడి చూసే మనిషి లేడు.

చట్టం లేదని చెప్పడానికి వీల్లేదు. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే కాగితం మీద పులికున్న రక్షణే పగడానికీ ఉంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో పగడపు దిబ్బలు అత్యంత సున్నితమైన వర్గంలోకి వస్తాయి. పులుల అభయారణ్యంలో ఉదయం ఎన్ని జీపులు లోపలికి పోవాలో సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య దాటితే గేటు మూస్తారు. అదే షెడ్యూలులో ఉన్న పగడం దగ్గరికి రోజుకు ఎంతమంది దిగాలో చెప్పే గేటు మన పర్యాటక తీరాల్లో ఎక్కడుంది? సాహస పర్యాటకానికి మార్గదర్శకాలు ఉన్నాయి గానీ, వాటి చూపు ప్రధానంగా మనిషి ప్రాణం మీద: సిలిండరు తనిఖీ, వైద్య పత్రం, గైడు అర్హత. అవి తప్పకుండా ఉండాలి. కానీ అవి దిగేవాడి భద్రతకు, దిగే చోటి భద్రతకు కాదు.

మాల్వన్‌లో మరో చిక్కుముడి ఉంది. అభయారణ్యం ప్రకటించినప్పటి నుంచి జాలర్ల వ్యతిరేకత ఉంది, వేటకు అడ్డం వస్తుందన్న భయంతో. ఇప్పుడు అదే జాలరి కుటుంబాల్లో చాలామందికి పర్యాటకుల పడవే ఆదాయం. రేపు ఎవరైనా సంఖ్యకు హద్దు పెడతామంటే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే. హద్దు పేరుతో చిన్న పడవలను తప్పించి పెద్ద రిసార్టుకు లైసెన్సు కట్టబెట్టడం మన దేశంలో జరగని పని కాదు. అందుకే హద్దు గురించి మాట్లాడేవారు ఆ హద్దులో వాటా ఎవరిదో కూడా అదే వాక్యంలో చెప్పాలి. స్థానిక పడవల వారికి వంతులు వేసి, డైవు ధర పెంచితే తక్కువమందితో అదే ఆదాయం వస్తుంది. చవక డైవు మీద మోజు ఉన్న మనలాంటి వాళ్లకు అది నచ్చకపోవచ్చు. ఆ ధర మనం కట్టాల్సిందే.

ద్వారక ఇంకా చేయిదాటిపోలేదు

గుజరాత్‌కు దేశంలోనే మొదటి సముద్ర జాతీయ పార్కు ఉందన్న సంగతి సూరత్‌లోనే చాలామందికి గుర్తుండదు. కచ్ సింధుశాఖ దక్షిణ తీరంలో ఓఖా నుంచి జోడియా వరకు ఉన్న ప్రాంతంలో 1980లో అభయారణ్యం, 1982లో జాతీయ పార్కు వచ్చాయి. అంతకుముందు అక్కడి పగడపు ఇసుకను సిమెంటు తయారీకి తవ్వుకుపోయేవారు. ఈ పగడాలు మొండి ప్రాణాలు. ఎండాకాలం వేడినీ, చలికాలం చల్లటి నీళ్లనూ, పాటు సమయంలో గంటల తరబడి ఎండనూ, ఎప్పుడూ ఉండే బురదనూ తట్టుకుని బతుకుతున్నాయి. నరారా దగ్గర పాటు వేళ సముద్రం వెనక్కి పోతే డైవింగ్ అక్కర్లేకుండా నడిచిపోయి పగడాలను చూడొచ్చు. అక్కడ ఫిన్ చేసే పని చెప్పు చేస్తుంది.

మొండివి కదా అని ఇంకాస్త బరువు వేయొచ్చా? ఇక్కడే జాగ్రత్త కావాలి. కచ్ పగడాల్లో ఎక్కువ భాగం గుండ్రాయి రకాలు. కొమ్మల పగడంలా ఫిన్ తగలగానే విరగవు. అది వాటికి మేలు. కానీ ఒంటి మీద పడిన బురదను అవి జిగురు స్రవించి, శక్తి ఖర్చు చేసి దులుపుకోవాలి. మసక వెలుతురులో ఆ శక్తి సంపాదన అసలే తక్కువ. నెల జీతం నెలాఖరుకు సరిగ్గా సరిపోయే ఇంట్లో ఒక అదనపు ఖర్చు ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. డైవర్ల గుంపు లేపే బురద, ఒక పెద్ద పోటు తెచ్చే బురద ముందు ఏపాటిది అని అడగొచ్చు. సింధుశాఖ మొత్తానికి చూస్తే ఏపాటిదీ కాదు. కానీ పోటు బురద వస్తుంది, పోతుంది. డైవర్లు లేపేది అదే రాయి మీద, రోజంతా, సరిగ్గా నీళ్లు తేటపడి పగడానికి కాస్త వెలుతురు అందే నెలల్లోనే పడుతుంది. పర్యాటకుడికీ పగడానికీ కావాల్సింది ఒకే రుతువు.

ద్వారక ఇప్పుడు వేగంగా మారుతోంది. 2020 అక్టోబరులో దేశంలో మొదటిసారి ఎనిమిది తీరాలకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు వాటిలో ద్వారక దగ్గరి శివరాజ్‌పూర్, డయ్యూలోని ఘోఘ్లా, మన విశాఖలోని రుషికొండ మూడూ ఉన్నాయి. ఆ గుర్తింపు ప్రమాణాల్లో ఎక్కువ భాగం ఒడ్డున నిలబడి చూడగలిగేవే: నీటి నాణ్యత, చెత్తడబ్బాలు, మరుగుదొడ్లు, రక్షక సిబ్బంది. 2024 ఫిబ్రవరి 25న ప్రధాని ద్వారక సముద్రంలో మునిగి, నెమలి ఈకలు సమర్పించి వచ్చారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. పర్యాటక జలాంతర్గామి ప్రతిపాదన కూడా వినిపించింది. కృష్ణుడి నగరం అడుగున ఉందన్న నమ్మకం, కంటికి కనిపించే పగడం, బ్లూ ఫ్లాగ్ తీరం, పక్కనే పెద్ద పుణ్యక్షేత్రం. ఒక చోటికి జనం రావడానికి ఇన్ని కారణాలు ఒక్కసారి కలిసిరావడం అరుదు.

అదే దేవభూమి ద్వారక జిల్లాలో మిఠాపూర్ దగ్గర 2020 జనవరిలో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ, గుజరాత్ అటవీశాఖ కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. ఇనుప చట్రాన్ని సముద్రం అడుగున ఉంచి, దానికి స్వల్ప విద్యుత్తు ఇస్తారు. సముద్రపు నీటిలో కరిగి ఉన్న ఖనిజాలు చట్రం మీద సున్నపు పొరగా పేరుకుంటాయి. దాని మీద పగడపు ముక్కలు కట్టి పెంచుతారు. ఒకచోట కరెంటు పెట్టి పగడాన్ని అంగుళం అంగుళం పెంచుతున్నాం. అదే తీరంలో ఇంకోచోట పగడం దగ్గరికి జనాన్ని దింపబోతున్నాం. రెండూ చేయొచ్చు. రెండు పనులూ చేసేవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అంతే.

నేను అడిగేది డైవింగ్ ఆపమని కాదు. ద్వారక చుట్టుపక్కల ఒక్కో డైవు చోటికి అనుమతి ఇచ్చేముందు ఆ అడుగు ఇప్పుడు ఎలా ఉందో కొలిచి, ఫొటోలతో సహా బహిరంగంగా పెట్టాలి. ఎంత శాతం సజీవ పగడం, ఎన్ని విరిగిన ముక్కలు, ఎంత నాచు. ఆ కొలత లేకపోతే ఐదేళ్ల తర్వాత వచ్చే ప్రతి వాదనా గాలిలో కత్తి తిప్పడమే అవుతుంది. నష్టం జరిగిందని నేనూ నిరూపించలేను, జరగలేదని వాళ్లూ నిరూపించలేరు. కొలత ఖర్చు ఒక ప్రచార వీడియో ఖర్చు కంటే ఎక్కువ కాబోదు.

లంగరు సంగతి అంతకంటే తేలిక. ఫిన్ తగలడం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం గానీ, పడవ రోజూ వేసే ఇనుప లంగరు ఒక్కటి డజన్ల కొద్దీ ఫిన్ల పని చేస్తుంది. గాలి తిరిగినప్పుడల్లా దాని గొలుసు పగడం మీద చీపురులా తిరుగుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా కీస్‌లో 1981లోనే దీనికి మందు కనిపెట్టారు. అడుగు రాతిలో ఒక్కసారి రంధ్రం వేసి కొక్కెం బిగిస్తారు, దానికి తాడు, పైన తేలే బోయా. పడవలు వచ్చి బోయాకు కట్టుకుంటాయి, లంగరు వేయవు. నలభై ఏళ్లు దాటిన ఈ పద్ధతికి కొత్త పరిశోధన అక్కర్లేదు. బోయాలు ఎన్ని ఉంటే ఒకేసారి అన్ని పడవలే ఆగగలవు కాబట్టి సంఖ్యకు హద్దు కూడా దానంతట అదే పడుతుంది. ఏ రాష్ట్ర పర్యాటక శాఖైనా డైవింగ్ ప్రకటన ఇచ్చినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: బోయాలు వేశారా?

సన్‌స్క్రీన్ గురించి ఒక మాట. ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలు పగడపు పిల్లలకు హాని చేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. పలావు, హవాయి, థాయిలాండ్ జాతీయ పార్కులు వాటిని నిషేధించాయి. నిజమైన సముద్రంలో ఆ గాఢత ఎంత ఉంటుందన్న దానిపై ఇంకా వాదం ఉంది. ఒంటికి నిండు చేతుల చొక్కా వేసుకుంటే తీరిపోయే ఈ ముచ్చటకు పత్రికలు ఇస్తున్నంత చోటు లంగరుకు ఇవ్వడం లేదు. అలాగే చేపలకు బిస్కెట్లు, బ్రెడ్డు వేసి కెమెరా ముందుకు రప్పించడం. అది చేప సహజ అలవాట్లను చెడగొడుతుంది. దాన్ని ఆపడానికి ఏ పరికరమూ అవసరం లేదు.

ఇంతా చెప్పి ఒక నిజం దాచకూడదు. ప్రపంచంలో పగడాలను చంపుతున్న మొదటి శత్రువు డైవరు కాదు, వేడి. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నాలుగో ప్రపంచవ్యాప్త పగడపు వివర్ణతను ప్రకటించింది. నీరు మామూలు కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం తన శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది, చాలాసార్లు చచ్చిపోతుంది. ఆ తర్వాత రేవుల తవ్వకాలు, పరిశ్రమల వ్యర్థజలాలు, మురుగు. సూరత్ వాసిగా ఇక్కడ నోరు మెదపకుండా ఉండలేం. దేశంలో కృత్రిమ దారపు బట్టకు రాజధాని ఇది. పాలియెస్టరు బట్ట ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని ప్లాస్టిక్ నూలు పోగులు నీళ్లలోకి పోతాయి. రంగుల అద్దకం మిల్లుల నీరు చివరికి చేరేది కాలువలకు, నదికి, సముద్రానికే. నగరపాలక సంస్థ 2014 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి పాండేసరా మిల్లులకు అమ్ముతోంది. మంచి పని. రోజూ వచ్చే నీటి ముందు అది మొదటి అడుగు మాత్రమే.

పెద్ద శత్రువు ఉన్నాడు కాబట్టి చిన్న గాయాన్ని వదిలేయొచ్చన్న వాదన ఇక్కడి నుంచే పుడుతుంది. నేను దీన్ని తలకిందులుగా చదువుతాను. వేడిమిని ద్వారక పంచాయతీ తగ్గించలేదు. ప్రపంచం కలిసి తగ్గించాలి, దానికి దశాబ్దాలు పడుతుంది. వేడి దెబ్బ తిన్న పగడం కోలుకుంటుందా లేదా అన్నది మాత్రం ఆ తర్వాతి నెలల్లో దాన్ని ఎంత ప్రశాంతంగా ఉండనిచ్చామన్న దాని మీద కొంత ఆధారపడుతుంది. జ్వరం తగ్గుతున్న మనిషిని ఎవరూ బరువులు మోయమని పంపరు. థాయిలాండ్ 2016లో కో తాచాయ్ ద్వీపాన్ని పర్యాటకులకు మూసేసింది, 2018లో మాయా బేను మూసింది. ఆ మూత వల్ల ఆదాయం పోయింది. మాయా బేను మళ్లీ తెరిచినప్పుడు పడవలు లోపలికి రాకుండా, మనుషుల సంఖ్యకు హద్దు పెట్టి తెరిచారు. వాళ్లు ఆ హద్దు ముందే పెట్టి ఉంటే మూసే అవసరం ఉండేదా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. ద్వారకకు ఇంకా ఆ 'ముందు' ఉంది.

డైవరును దోషిగా మాత్రమే చూడటానికి నా మనసు ఒప్పుకోదు. అందుకు కారణం విశాఖ. రుషికొండ నీళ్లు అండమాన్‌లా తేటగా ఉండవు. చాలా రోజులు అడుగు సరిగా కనిపించదు. అయినా అక్కడి డైవర్లు రాళ్లకు చిక్కుకుని తెగిపోయిన వలలను, ప్లాస్టిక్‌ను అడుగు నుంచి పైకి తెస్తున్నారు. తెగిన వల నైలాన్ది, కుళ్లదు. మనిషి చేతిలో లేకపోయినా ఏళ్ల తరబడి చేపలను, పీతలను, తాబేళ్లను పడుతూనే ఉంటుంది. ఒడ్డున నిలబడిన వారికి సముద్రం ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. లోపల ఏముందో చెప్పడానికి ఎవరో ఒకరు దిగాలి. విశాఖలో దిగింది శాస్త్రవేత్తలే కాదు, వారాంతం ఖాళీగా ఉన్న మామూలు మనుషులు కూడా. నెలకోసారి అదే రాయిని అదే కోణంలో ఫొటో తీసే పది మంది డైవర్లు ఉంటే, ఏ ప్రయోగశాలా ఇంత చవకగా తయారు చేయలేని సమాచారం చేతికి వస్తుంది. మాల్వన్‌లో రోజూ దిగే గైడుకు ఏ రాయి దగ్గర ఏ పగడం ఎప్పుడు తెల్లబడిందో తెలుసు. అతన్ని అడిగి రాసుకునేవారు లేరు. ఆ పని ఇస్తే, దానికి కూలి కట్టిస్తే, తాకే పర్యాటకుడిని ఆపడానికి అతనికి కొత్త కారణం ఒకటి దొరుకుతుంది. అది తాను కొలుస్తున్న రాయి కాబట్టి.

ఈ దీపావళికి సూరత్ నుంచి ద్వారకకో, మాల్వన్‌కో బయలుదేరేవారు డబ్బు కట్టేముందు నిర్వాహకుడిని మూడు ప్రశ్నలు అడగవచ్చు. పడవను బోయాకు కడతారా, లంగరు వేస్తారా? ఒక్కో గైడు వెంట ఎంతమంది? నేను పగడాన్ని తాకితే నీటిలోనే నన్ను ఆపుతారా? మూడో ప్రశ్నకు "అబ్బే, మీరేం ఇబ్బంది పడకండి సార్" అన్న జవాబు వస్తే, పక్క పడవ వాణ్ణి అడగండి.